రక్తం తక్కువగా ఉన్న పిల్లలకు పక్షవాతం వస్తుందా?

ప్రశ్న: మా బాబుకు 22 నెలలు, బరువు 10 కిలోలు. తిండి దగ్గర మారాం చేస్తాడు కానీ రోజుకు లీటరుకు తగ్గకుండా పాలు తాగుతాడు. నెలన్నర క్రితం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.9 వచ్చింది. విటమిన్ డి కూడా తక్కువగా ఉందన్నారు. డాక్టరు ఐరన్ సిరప్ రాశారు. మలం నల్లగా, గట్టిగా రావడం చూసి భయపడి వారానికే మానేశాను. దాని బదులు మల్టీవిటమిన్ సిరప్ వేస్తున్నాను. ఇంతలో మా బంధువుల పాపకు, 14 నెలల పిల్లకు, జ్వరం, విరేచనాలతో ఉండగా కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. విటమిన్లు లేకనే అలా అయిందని అందరూ అంటున్నారు. మా బాబు గట్టిగా ఏడ్చినప్పుడు రెండుసార్లు నీలంగా మారి ఒళ్లు వాల్చేశాడు. అది పక్షవాతానికి సూచనా? ఏ విటమిన్లు వేస్తే ఈ ప్రమాదం తప్పుతుంది? నాకిప్పుడు ఏడో నెల. బిడ్డ పుట్టగానే వేసే విటమిన్ ఇంజెక్షన్ అవసరం లేదని ఒకరు చెప్పారు. నిజమేనా?
– ఒక తల్లి

సమాధానం: అమ్మా, కారణాలన్నీ తరువాత చెబుతాను. ముందు ఈ రోజే చేయవలసిన పని ఒకటి ఉంది. ఐరన్ ఆపేసిన సంగతి మీ పిల్లల డాక్టరుకు చెప్పి, వారు చెప్పిన మోతాదులో మళ్లీ మొదలుపెట్టండి. మీ బాబుకు పక్షవాతం వస్తుందని నేను అనుకోవడం లేదు. అయినా ఆ 7.9 చిన్న సంగతి కాదు. ఆరు నెలలు నిండినప్పటి నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో హిమోగ్లోబిన్ 10.5 కన్నా తగ్గితే రక్తహీనతగా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. మీ బాబు ఆ గీతకు చాలా కింద ఉన్నాడు. పైగా నెలకు పైగా అతనికి అసలైన మందు అందడం లేదు.

పక్షవాతం అనగానే మనకు రక్తపోటు, మధుమేహం ఉన్న పెద్దవాళ్లే గుర్తుకొస్తారు. అందుకే ఏడాది పిల్లకు చెయ్యి, కాలు పడిపోతే నమ్మలేక ఏదో ఒక కారణం వెతుక్కుంటారు. ‘విటమిన్ల లోపం’ అన్నది అందరి నోటా తేలికగా వచ్చే మాట. నిజానికి పిల్లల్లో వచ్చే పక్షవాతానికి ముఖ్య కారణాలు వేరు. పుట్టుకతో వచ్చిన గుండె లోపాలు, సికిల్ సెల్ వ్యాధి (ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే పుట్టుజబ్బు), మెదడు రక్తనాళాలు సన్నబడిపోయే జబ్బులు, మెదడు పొరల వాపు, మెడకు తగిలిన దెబ్బలు వాటిలో కొన్ని. ఆటలమ్మ తగ్గిన కొన్ని నెలలకు మెదడులోని రక్తనాళం వాచి పక్షవాతం రావడం కూడా వైద్యులకు తెలిసిన సంగతే. రిపోర్టులు చూడకుండా మీ బంధువుల పాపకు ఏది కారణమో నేను చెప్పలేను. అక్కడున్న డాక్టర్లు తలకు స్కానింగ్, గుండెకు ఎకో, రక్తపరీక్షలు చేసి వెతుకుతారు. వెతకాలి కూడా. కారణం తెలిస్తేనే అది మళ్లీ రాకుండా ఆపడానికి వీలుంటుంది.

అయితే మీ బంధువుల మాటను పూర్తిగా కొట్టిపారేయను. లోపాలకూ పక్షవాతానికీ సంబంధం బలంగా కనిపించే చోట్లు రెండున్నాయి. అనుకోకుండా మీ ఉత్తరంలో రెండూ ఉన్నాయి. మొదటిది విటమిన్ కాదు, ఖనిజం: ఐరన్. రెండోది మీకు ఎవరో వద్దన్న ఆ ఇంజెక్షన్, విటమిన్ కె.

ముందు ఐరన్ సంగతి. కెనడాలోని టొరంటోలో పిల్లల వైద్యులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకుముందు ఏ జబ్బూ లేకుండా ఉండి ఉన్నట్టుండి పక్షవాతం వచ్చిన ఏడాది నుంచి మూడేళ్ల వయసు పిల్లలను 15 మందిని, అదే వయసులో ఉన్న 143 మంది ఆరోగ్యవంతులైన పిల్లలతో పోల్చి చూశారు. పక్షవాతం వచ్చిన 15 మందిలో 8 మందికి ఐరన్ లోపంతో వచ్చిన రక్తహీనత ఉంది. ఆరోగ్యవంతులైన 143 మందిలో అది 13 మందికే ఉంది. లెక్క కడితే దాదాపు పది రెట్ల తేడా. అధ్యయనం చిన్నదే, కానీ అది చూపిన దారి పిల్లల డాక్టర్లకు కొత్తది కాదు. తీవ్రమైన రక్తహీనత ఉన్న పసిపిల్లలకు మెదడులోని సిరల్లో రక్తం గడ్డకట్టిన సందర్భాలు అంతకుముందూ వైద్య పత్రికల్లో వచ్చాయి.

ఎందుకలా జరుగుతుంది? ఐరన్ తగ్గినప్పుడు చాలామంది పిల్లల్లో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు అవి. ఇంకోవైపు ఎర్రకణాలు చిన్నవైపోయి, బిరుసెక్కి, సన్నని నాళాల్లో సులువుగా జారవు. వాటికి తోడు మెదడుకు చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. ఇదంతా నెలల తరబడి లోలోపల సాగినా పిల్లవాడు ఆడుకుంటూనే ఉంటాడు. అలాంటి పిల్లవాడికి గట్టి జ్వరమో, విరేచనాలో పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిందనుకోండి, రక్తం ఇంకాస్త చిక్కబడుతుంది. గడ్డ కట్టే ప్రమాదం ఎక్కువగా ఉండేది అప్పుడే. మీ బంధువుల పాపకు జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడే ఇది జరిగిందని రాశారు. ఆమె హిమోగ్లోబిన్ ఎంతో డాక్టర్లను తప్పకుండా అడగమనండి.

పది రెట్లు అన్న మాట చదివి మీరు రాత్రంతా నిద్రపోకుండా ఉండకూడదు. ప్రపంచంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు 40 శాతం మందికి రక్తహీనత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పక్షవాతమో, ఏటా లక్షమంది పిల్లల్లో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందికే వస్తుంది. అంత చిన్న సంఖ్యను పదితో హెచ్చవేసినా చిన్నదే అవుతుంది. రక్తం తక్కువగా ఉన్న పిల్లల్లో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా పక్షవాతం ముఖమే చూడరు. వాళ్లకు రోజూ జరిగే నష్టం వేరు. నీరసం, చిరాకు, ఆకలి లేకపోవడం, మట్టి, కాగితం తినడం, మాటలు, నేర్పు మందగించడం. పక్షవాతం భయం లేకపోయినా మీ బాబుకు ఐరన్ ఇచ్చి తీరవలసిందే అని నేను పట్టుబట్టేది వీటి కోసం.

ఇక పాలు. ఉత్తరంలో నా కన్ను ఆగిపోయిన వాక్యం అదే: రోజుకు లీటరుకు తగ్గకుండా. లీటరు ఆవుపాలలో ఐరన్ అర మిల్లీగ్రాముకు అటూ ఇటూ ఉంటుంది. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లవాడికి రోజుకు ఆహారంలో కావలసింది సుమారు 7 మిల్లీగ్రాములు. అంటే పాలతో కడుపు నింపుకున్న పిల్లవాడికి ఐరన్ దాదాపు ఏమీ అందదు. పైగా పాలలోని కాల్షియం, ప్రోటీన్ కలిసి ఇతర ఆహారంలోని ఐరన్‌ను కూడా ఒంటికి పట్టనివ్వవు. తిండి దగ్గర మారాం చేస్తాడని రాశారు. ఆ పొట్టలో చోటెక్కడుందమ్మా? పాలు రోజు మొత్తానికి 400, మించితే 500 మిల్లీలీటర్ల దగ్గర ఆపండి. సీసా తీసేసి గ్లాసుతో ఇవ్వండి. సీసాతో లీటరు తాగే పిల్లలు గ్లాసుతో అంత తాగరు. ముందు తిండి, తరువాత పాలు. మొదటి మూడు నాలుగు రోజులు ఇల్లు దద్దరిల్లేలా ఏడుస్తాడు, వారం తిరిగేసరికి పళ్లెం వైపు చూస్తాడు. మాంసం, గుడ్డు, పప్పుధాన్యాలు, ఆకుకూరలు, వీటిలో మీ ఇంట్లో తినేవేవో అవి పెట్టండి. పుల్లటి పండు ఏదైనా పక్కన ఉంటే, అందులోని విటమిన్ సి వల్ల ఐరన్ బాగా పడుతుంది. అయితే 7.9 దగ్గరున్న పిల్లవాడిని తిండితోనే పైకి తేవడం కుదరదు. సిరప్ తప్పదు.

మలం నల్లబడడం చూసి మీరు మందు ఆపారు. ఈ మాట ముందుగా చెప్పకపోవడం మా డాక్టర్ల తప్పే. ఐరన్ వేసుకునే పిల్లల మలం నల్లగానో ముదురు ఆకుపచ్చగానో రావడం మామూలే. ఒంటికి పట్టకుండా మిగిలిన ఐరన్ రంగు అది. తారులాగా జిగటగా, దుర్వాసనతో వస్తే మాత్రం చూపించాలి. మలబద్ధకానికి నీళ్లు, పండ్లు ఎక్కువగా ఇవ్వండి, అప్పటికీ లొంగకపోతే డాక్టరును అడిగితే మోతాదు సర్దుతారు, లేదా వేరే రకం ఐరన్ రాస్తారు. సిరప్‌ను పాలతో కలపవద్దు, పాలు తాగిన వెంటనే వేయవద్దు. పళ్లకు మరక పడుతుందనుకుంటే సిరంజితో బుగ్గ లోపలికి, వెనకగా వదిలి, తరువాత నీళ్లు తాగించండి. ఆ మరక పైపైదే, తోమితే పోతుంది.

మీరు మార్చి వేస్తున్న మల్టీవిటమిన్ సీసా వెనక్కి తిప్పి చదవండి. చాలా రకాల్లో ఐరన్ అసలే ఉండదు, ఉన్నా రక్తహీనత తగ్గించేంత ఉండదు. ఈ వయసు పిల్లల చికిత్సకు సాధారణంగా ఒంటి బరువులో ప్రతి కిలోకు రోజుకు 3 మిల్లీగ్రాముల ఐరన్ ఇస్తారు. పది కిలోల మీ బాబుకు అది 30 మిల్లీగ్రాములు. సీసా మీద రాసిన ఉప్పు, అంటే ఐరన్ కలిసిన రసాయనం, దాని బరువు వేరు, అందులోని అసలు ఐరన్ వేరు కాబట్టి ఎన్ని మిల్లీలీటర్లన్నది డాక్టరే లెక్కగట్టాలి. నెల తరువాత మళ్లీ పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరిగి ఉండాలి. సరైన అంకెకు వచ్చాక కూడా నిల్వలు నిండడానికి ఇంకో రెండు మూడు నెలలు వేయాలి. శ్రద్ధగా వేసినా పెరగకపోతే ఐరన్ లోపం కాక థలసీమియా (హిమోగ్లోబిన్ సరిగా తయారవని పుట్టుజబ్బు) వంటిదేమైనా ఉందేమో చూడాలి. ఒంట్లో ఐరన్ నిల్వలు ఎంతున్నాయో చెప్పే ఫెరిటిన్ పరీక్ష, ఇంకొన్ని పరీక్షలు దారి చూపుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక, మీ ఇంటికి ప్రత్యేకంగా. మీరు ఏడో నెల గర్భిణి, అంటే మీ ఐరన్ మాత్రలు ఇంట్లో ఎక్కడో ఉంటాయి. పిల్లవాడి కంటికి అవి రంగురంగుల మిఠాయిలు. మీ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటే, నాలుగైదు మింగినా పది కిలోల పిల్లవాడికి ప్రమాదమే. పది మింగితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ సంగతి చదవడం ఆపి అయినా సరే, లేచి వెళ్లి ఆ డబ్బా తాళం ఉన్న చోట పెట్టండి. బాబు సిరప్ సీసా కూడా అక్కడే. ఎప్పుడైనా మింగాడని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఏడ్చి ఏడ్చి నీలంగా మారి వాలిపోవడం గురించి అడిగారు. కోపంతోనో నొప్పితోనో గట్టిగా ఏడ్చి, ఊపిరి బయటికి వదిలి మళ్లీ తీసుకోకుండా బిగబట్టి, పెదాలు నీలంగా మారి, క్షణాల్లో స్పృహ తప్పి, నిమిషంలోపు తేరుకోవడం ఈ వయసు పిల్లల్లో మామూలుగా చూస్తాం. చూసేవాళ్లకు గుండె ఆగినంత పని అవుతుంది కానీ అది పక్షవాతం కాదు. ఐరన్ లోపం ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ, ఐరన్ ఇస్తే చాలామందిలో తగ్గిపోతుంది. కాబట్టి ఇక్కడా ఆ సిరపే మందు. అలా జరిగినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు, నీళ్లు చల్లవద్దు, కుదపవద్దు. ఒకసారి ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించగలిగితే చాలా ఉపయోగం. ఏడుపు లేకుండా అలా జరిగినా, ఆ తరువాత ఒక చెయ్యి కదపకపోయినా అది వేరే సంగతి, వెంటనే చూపించాలి.

మిగతా విటమిన్ల గురించి క్లుప్తంగా చెబుతాను. విటమిన్ డి తక్కువైతే ఎముకలు మెత్తబడతాయి, కాల్షియం బాగా పడిపోతే ఫిట్స్ వస్తాయి. డాక్టరు రాసిన మోతాదు వేయండి. పసిపిల్లల్లో దాని లోపం పక్షవాతానికి దారితీస్తుందని రుజువు కాలేదు. బి12, ఫోలిక్ ఆమ్లం లోపిస్తే రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది, అది రక్తనాళాలకు మంచిది కాదు. అయితే బి12 లోపం పసిపిల్లల్లో ముందు వేరే విధంగా బయటపడుతుంది. నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తుంది, మెడ నిలిపే బిడ్డ మళ్లీ వాల్చేస్తుంది, వేళ్ల కణుపుల దగ్గర చర్మం నల్లబడుతుంది. మాంసాహారం అసలు తినని తల్లులకు బి12 తక్కువగా ఉండి, పాల ద్వారా బిడ్డకు అందకపోతే ఇలా జరుగుతుంది. మీరు శాకాహారులైతే ఈసారి రక్తపరీక్షలో మీ బి12 కూడా చూపించుకోండి. హోమోసిస్టీన్ విపరీతంగా పెరిగిపోయే పుట్టుజబ్బు ఒకటుంది, అందులో చిన్నవయసులోనే పక్షవాతం రావచ్చు. అది చాలా అరుదు. అదనంగా విటమిన్లు పోస్తే అదనంగా రక్షణ వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. విటమిన్ ఎ మితిమీరితే తలలో ఒత్తిడి పెరుగుతుంది, డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇప్పుడు పుట్టబోయే బిడ్డ. ఆ ఇంజెక్షన్ అవసరం లేదన్న మాట దయచేసి మరిచిపోండి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాల్లో నాలుగింటిని కాలేయం విటమిన్ కె సాయంతోనే తయారుచేస్తుంది. తల్లి కడుపులో ఉండగా మాయ దాటి బిడ్డకు చేరే విటమిన్ కె చాలా కొద్ది. పుట్టాక తల్లిపాలు అన్నిటికన్నా మంచి ఆహారమే, అందులో సందేహం లేదు, కానీ విటమిన్ కె ఒక్కటి మాత్రం వాటిలో బహు స్వల్పం. మీరు ఎన్ని ఆకుకూరలు తిన్నా ఆ లోటు తీరదు. ఇంజెక్షన్ వేయించుకోని బిడ్డల్లో కొద్దిమందికి, లక్ష మందిలో సుమారు నలుగురి నుంచి ఏడుగురికి, రెండు వారాల నుంచి ఆరు నెలల లోపు ఎప్పుడైనా ఉన్నట్టుండి రక్తస్రావం మొదలవుతుంది. ఆ వయసులో రక్తస్రావం సగానికి పైగా బిడ్డల్లో మెదడులోనే జరుగుతుంది. అంటే ఇది కూడా ఒక రకం పక్షవాతమే, నాళం పూడుకుపోవడం బదులు చిట్లడం వల్ల వచ్చేది.

అలాంటి బిడ్డను నేను చూశాను. అయిదు వారాల పాప, తల్లిపాలతో చక్కగా పెరుగుతోంది. నాలుగు రోజుల ముందు ముక్కు నుంచి రెండు చుక్కల రక్తం వచ్చింది, గోరు గీరుకుందనుకున్నారు. ఛాతీ మీద చిన్న నీలి మచ్చ కనిపించింది, ఎత్తుకున్నప్పుడు నొక్కుకుందనుకున్నారు. అయిదో రోజు పాలు తాగలేదు, అదేపనిగా సన్నగా ఏడ్చింది, మాడు ఉబ్బింది. ఆసుపత్రికి వచ్చేసరికి ఫిట్స్. ఆ రెండు చుక్కలు, ఆ నీలి మచ్చ ముందస్తు హెచ్చరికలని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. పాప బతికింది. కుడివైపు చెయ్యి, కాలు పూర్తిగా తిరిగి రాలేదు.

పుట్టిన కొద్ది గంటల్లో తొడకు వేసే ఒక మిల్లీగ్రాము ఇంజెక్షన్, నెలలు నిండకుండా బాగా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకైతే అందులో సగం, ఈ ముప్పును దాదాపు తొలగిస్తుంది. 1990ల మొదట్లో ఈ ఇంజెక్షన్‌కూ పిల్లల క్యాన్సర్‌కూ సంబంధం ఉందేమోనని ఒక అనుమానం వచ్చింది. ఆ తరువాత జరిగిన పెద్ద అధ్యయనాల్లో అది నిలబడలేదు. మీకు చెప్పినవారు బహుశా ఆ పాత వార్తే విని ఉంటారు. మీరు ఫిట్స్ మందులు, క్షయ మందులు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ప్రసవానికి ముందే డాక్టరుకు చెప్పండి. ఆ తల్లుల బిడ్డలకు మొదటి రోజే రక్తస్రావం కావచ్చు. బిడ్డకు రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకపోయినా, మలం సుద్దలా తెల్లగా వస్తున్నా ఆలస్యం చేయకండి. పైత్యం పేగుల్లోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు.

పక్షవాతాన్ని గుర్తించడం మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే పిల్లల్లో దాన్ని పోల్చుకోవడానికి తరచు ఒక రోజు, అంతకన్నా ఎక్కువే పడుతోంది. ఉన్నట్టుండి ఒక చెయ్యి వేలాడడం, నడిచే పిల్లవాడు ఒక కాలు ఈడ్చడం, ఏడ్చినప్పుడు మూతి ఒక పక్కకే లాగడం, వచ్చిన మాటలు రాకపోవడం, జ్వరం లేకుండా ఒక పక్కకే ఫిట్స్ రావడం, తలనొప్పి, వాంతులతో పాటు మగత. వీటిలో ఏది కనిపించినా నీరసమనుకుని ఇంట్లో ఉండవద్దు. చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నాడో ఆ సమయం గుర్తుపెట్టుకుని, తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకుండా, అంబులెన్స్‌లో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసిబిడ్డలో ఇంకో గుర్తు ఉంది. ఏడాది లోపు పిల్లలకు కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉండదు. ఆరు నెలల బిడ్డకు కుడివైపు గిలక్కాయ చూపించినా ఎడమ చేతినే అటు చాపుతూ, కుడి పిడికిలి ముడుచుకునే ఉంచుకుంటే, ‘ఎడమచేతి వాటం’ అని మురిసిపోకుండా చూపించాలి. పుట్టుక సమయంలో వచ్చిన పక్షవాతం చాలాసార్లు అలాగే బయటపడుతుంది.

ఆఖరుగా మీ బంధువుల పాప గురించి. విటమిన్లు లేకనే అలా అయిందని నలుగురూ అంటుంటే, ఆ తల్లి చెవికి అది ‘నువ్వు సరిగ్గా పెంచలేదు’ అన్నట్లు వినిపిస్తుంది. మీరు ఆమెను చూడడానికి వెళ్లినప్పుడు ఆ మాట ఎత్తవద్దు. ఫిజియోథెరపీ ఎప్పటి నుంచి మొదలుపెట్టవచ్చో డాక్టర్లను అడగమని చెప్పండి. ఆ వయసు మెదడు కొత్త దారులు వెతుక్కుంటుంది కాబట్టి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. చెయ్యి కాస్త కదలడం మొదలయ్యాక, థెరపిస్టు చూపించినట్టు రోజూ కొంతసేపు బాగున్న చేతికి మెత్తటి తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే ఆడిస్తారు. బుడగలు పగలగొట్టడం, డబ్బాలోంచి బొమ్మలు తీయడం వంటి ఆటలు. దానికి ఓపిక ఉన్న ఇంకో మనిషి తోడుంటే తల్లికి కాస్త ఊపిరి ఆడుతుంది. మీకు వీలైన రోజున వెళ్లి ఆ పాపతో ఒక అరగంట ఆడి రండి.